అన్నం దొంగ కంచం

మా అత్తయ్యకి గోధుమలు పడవని తేలిందంటూ మా బావ ఎడ్మంటన్ నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అయ్యో అనాల్సిన చోట నవ్వొచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఫోను మొహానికి దూరంగా పట్టుకుని, స్టవ్ ముందు నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను. అవతల్నుంచి బావ "రమా, హలో, వినపడుతోందా?" అని అరుస్తున్నాడు. వినపడకేం నాయనా, ఈ కబురు కోసమే నలభై ఏళ్ళ నుంచి చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

అత్తయ్యంటే మా నాన్నకి అక్క. ఎనభై దాటింది. ఆర్నెల్లుగా ఒంట్లో రక్తం లేక తెల్లగా పాలిపోయిందట, నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతోందట, రెండుసార్లు రక్తం ఎక్కించినా నిలవలేదట. చివరికి పొట్టలోకి గొట్టం వేసి చూసి సీలియాక్ అన్నారు. గోధుమా, బార్లీ, రై, ఈ మూడు ధాన్యాలూ బతికున్నన్నాళ్ళు నోట్లోకి పోకూడదు. "డాక్టర్ చెప్పాడు, డైటీషియన్ చెప్పింది, అమ్మ వినట్లేదు రమా. మేమిద్దరం ఆఫీసుకెళ్ళగానే బ్రెడ్ తినేస్తోంది. బట్టల బీరువాలో బిస్కట్లు దొరికాయి. ఇంకోసారి ఇలా రక్తం పడిపోతే గుండె తట్టుకోదంటున్నారు. నీకు చిన్నప్పటి నుంచి తెలిసిన జబ్బు కదా. ఒక్క నెల నీ దగ్గర ఉంచుకో. నీ మాటయితే వింటుంది" అన్నాడు బావ.

పంపించమన్నాను. ఇంత తొందరగా ఒప్పుకుంటానని అతను అనుకోలేదు. "నీది ఎంత మంచి మనసే!" అన్నాడు. పిచ్చి బావ. ఫోన్ పెట్టేసి తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగాను. మా అమ్మ పోయాక ఆవిడ అపార్ట్‌మెంట్ నుంచి తెచ్చి పడేసిన అట్టపెట్టెలు అక్కడున్నాయి, ఏడాదైనా విప్పలేదు. రెండో పెట్టెలో, చీరల కింద, పాత పేపర్లో చుట్టిన స్టీలు కంచం దొరికింది. అమ్మ పారేసి ఉండదని నాకు తెలుసు. అంచు మీద మేకుతో గీసిన ఇంటూ గుర్తు అలాగే ఉంది. బొటనవేలితో తడిమి చూశాను. కంచాన్ని సబ్బు పెట్టి తోమి, మా ఇంటి కంచాల మీద బోర్లించి పెట్టాను. అత్తయ్య వచ్చేది శనివారం.

ఆ కంచం సంగతి చెప్పాలంటే స్కార్‌బరోలో పదకొండో అంతస్తు అపార్ట్‌మెంట్ గురించి చెప్పాలి. నాకు ఆరేళ్ళున్నప్పుడు తెనాలి నుంచి ఈ దేశానికి అమ్మా నాన్నా నేనూ వచ్చి దిగింది అక్కడే. అది అత్తయ్య ఇల్లు. మమ్మల్ని స్పాన్సర్ చేసింది వాళ్ళే, ఒక బెడ్‌రూమ్ మాకిచ్చిందీ వాళ్ళే, ఆ మాట రోజుకోసారి మాకు గుర్తుచేసేదీ వాళ్ళే. నాన్న ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు, ఇంట్లో ఉన్న కాసేపూ "అక్కయ్య చెప్పినట్టు చెయ్యండి" అని నిద్రపోయేవాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, చేతిలో డాలరు ఉండదు, అత్తయ్య ముందు నోరు లేవదు. వంటిల్లు అత్తయ్యది. అయిదింటికి లేచి, తలస్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, ముందుగా ఒక పెద్ద బేసిన్‌లో చపాతీ పిండి కలిపేది. ఆ పిడికిళ్ళ చప్పుడు, పిండిలో పోసిన నూనె వాసన, కిటికీ కింద వేడి గొట్టాలు టకటకలాడ్డం, ఇవీ నా పొద్దులు. కారిడార్లో ఎవరి ఇంటి ముందు నడిస్తే వాళ్ళ పోపు వాసన వచ్చేది, మా ఇంటి ముందు మాత్రం పెనం మీద మాడిన గోధుమపిండి వాసన. మావయ్యకి షుగరు. అందుకని ఇంటిల్లిపాదికీ చపాతీలు. "చలిదేశంలో అన్నం తింటే కఫం, నిద్ర, సోమరితనం. గోధుమ తింటే ఒంటికి బలం" అనేది అత్తయ్య. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న రకం. ఆవిడ కుందేలుకి అసలు కాళ్ళున్నాయా లేదా అని చూసే ధైర్యం కూడా ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

మొదటి చలికాలంలోనే నాకు దగ్గు పట్టుకుంది. మనవాళ్ళకి జబ్బు చేస్తే ఏం చేస్తాం? అన్నం మానిపిస్తాం. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, కడుపు పాడైనా, బ్రెడ్డూ పాలూ. తెనాలిలో కూడా అంతే, జ్వరమొస్తే బేకరీ నుంచి బ్రెడ్డు వచ్చేది, అది నాకు సరదాగా ఉండేది. అత్తయ్య ఆ పథ్యాన్ని పట్టుకుని వదల్లేదు. పెరుగు బంద్, అన్నం బంద్. పొద్దున పాలలో ముంచిన బ్రెడ్డు, మధ్యాహ్నం గోధుమరవ్వ జావ, సాయంత్రం బార్లీతో చేసే మాల్టు పొడి కలిపిన పాలు, రాత్రికి నేతి చపాతీ. నాకు దగ్గు ఎక్కువైన కొద్దీ ఇంకో ముక్క బ్రెడ్డు ఎక్కువ పెట్టేది. నా పొట్ట కుండలా ఉబ్బేది, చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉండేవి, రోజుకి అయిదారుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తేదాన్ని. "పిల్లకి బలం చాలట్లేదు" అని ఇంకో గ్లాసు మాల్టు కలిపేది. ప్రేమగానే కలిపేది, అది ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం వల్ల నాకు కడుపుమంట తగ్గదు.

ఒకరోజు బడికి వెళ్తుంటే బస్‌స్టాప్ దగ్గర దగ్గొచ్చి మంచులో ఉమ్మాను. ఎర్రగా పడింది. నాకు భయం వెయ్యలేదు, వింతగా చూస్తూ నిలబడ్డాను. అమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడిపోయింది. హాస్పిటల్లో ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తుల నిండా మబ్బులు. మన దేశం నుంచి వచ్చిన పిల్ల, రక్తం కక్కుతోంది, ఇంకేముంటుంది, టీబీ ఏమో అని చేతికి సూది వేసి చూశారు. కాదని తేలింది. మళ్ళీ చూశారు, మళ్ళీ కాదన్నారు. డాక్టర్లు కాదన్నా అత్తయ్య ఒప్పుకుంటే కదా. "క్షయ కాకపోతే రక్తమెందుకు పడుతుంది? వీళ్ళకేం తెలుసు" అంది. ఆ సాయంత్రమే నాకొక కంచం, ఒక గ్లాసు వేరు చేసింది. ఆ ఇంట్లో గిన్నెలన్నిటి మీదా ఆవిడ పేరు కొట్టించి ఉండేది. నా కంచం అంచు మీద మాత్రం మావయ్య చేత మేకుతో ఇంటూ గీయించింది, పొరపాటున ఇంకెవరూ తినకుండా. నేను తిన్నాక నా కంచం నేనే కడుక్కుని కిటికీ గట్టు మీద విడిగా బోర్లించాలి. రెండేళ్ళు అలా బోర్లించాను.

అన్నం కోసం నేను పడ్డ యావ ఇప్పుడు తల్చుకుంటే నాకే జాలేస్తుంది. ఆదివారం మాత్రం ఆ ఇంట్లో అన్నం వండేవాళ్ళు, చుట్టాలో స్నేహితులో భోజనానికి వస్తారు కాబట్టి. ఆ వాసనకి నాకు నోరూరిపోయేది. బ్రెడ్డు తింటే పొట్టలో కత్తులు తిప్పినట్టుండేది, అన్నం తిన్న పూట హాయిగా ఉండేది. ఆరేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుంది? ఒక ఆదివారం అందరూ హాల్లో కబుర్లలో ఉంటే వంటింట్లోకి దూరి, కుక్కర్ గిన్నెలో చెయ్యి పెట్టి వేడి వేడి అన్నం గుప్పెడు నోట్లో కుక్కుకున్నాను. నాలుక కాలింది. రెండో గుప్పెడు తీస్తుంటే అత్తయ్య వచ్చింది. చేతిలో అట్లకాడ. దాని అంచుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టింది. నేను ఏడవలేదు, నోట్లో అన్నం ఉంది కదా, ఏడిస్తే పడిపోతుందని. నన్ను జబ్బ పట్టుకుని హాల్లోకి లాక్కెళ్ళి, అందరి ముందు నిలబెట్టి, "చూశారా, మా ఇంట్లో అన్నం దొంగ!" అంది. అందరూ నవ్వారు. అమ్మ మంచినీళ్ళు అందిస్తోంది, ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి వచ్చిన వాళ్ళందరూ నన్ను "ఏవే అన్నం దొంగా" అని పిలిచేవారు, ముద్దుగానే. వాళ్ళ ముఖాలు మర్చిపోయాను. పిలుపు మర్చిపోలేదు.

సరే, కంచం, అట్లకాడ, ఆ పిలుపు, ఇవన్నీ పెద్దవాళ్ళ మూర్ఖత్వం అని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది వేరే ఉంది. హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడల్లా అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి అత్తయ్య వచ్చేది. మంచి పట్టుచీర కట్టుకుని, స్వెటర్ వేసుకుని, డాక్టర్ అడిగినవాటికి అన్నిటికీ తనే జవాబు చెప్పేది. ఒకసారి డాక్టర్ నా పొట్ట నొక్కి చూసి, విరేచనాలు ఎలా అవుతున్నాయి, ఎన్నిసార్లు, పల్చగానా అని అడిగాడు. నాకు బడి ఇంగ్లీషు వచ్చేసింది, ప్రశ్న అర్థమైంది. అత్తయ్య ఒక్క క్షణం నా వైపు చూసి, "నార్మల్, డాక్టర్. వెరీ నార్మల్" అంది. బస్సులో అమ్మ "అదేంటి వదినగారూ, రోజుకి ఆరుసార్లు పోతోంది కదా" అని మెల్లిగా అడిగింది. "నోర్ముయ్యి సరోజా. ఆడపిల్ల. ఆ రోగం ఈ రోగం అని కాయితాల మీద ఎక్కిస్తే రేపు ఎవడు చేసుకుంటాడు? ఊపిరితిత్తుల జబ్బొకటి చాలదూ?" అంది అత్తయ్య. నా పెళ్ళి! నాకు అప్పటికి ముందరి పళ్ళు ఊడి కొత్తవి రాలేదు. ఆ నార్మల్ అన్న ఒక్క మాటకి నాకు ఏడాది పైన ఖర్చయింది. స్టెరాయిడ్లు ఇచ్చారు, మొహం గుమ్మడికాయలా ఉబ్బింది, రక్తం ఆగినట్టే ఆగి మళ్ళీ పడింది. రక్తంలో ఉండాల్సిన ఇనుమంతా కారి కారి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతోందని, ఎందుకు కారుతోందో మాత్రం తెలియట్లేదని డాక్టర్లు అనుకునేవారు. తెలియజెప్పాల్సిన మనిషి పట్టుచీరలో పక్కనే కూర్చుని ఉండేది.

మూడో చలికాలంలో ఒకసారి, చెకప్ ఉన్న రోజునే అత్తయ్యకి ఎవరినో తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. వాయిదా వేద్దామంది. అమ్మ ఊఁ అంది. అత్తయ్య అటు వెళ్ళగానే నాకు రెండు స్వెటర్లు తొడిగి, బూట్లు వేసి, బస్సెక్కించింది. ఆ ఊళ్ళో నాన్నో అత్తయ్యో తోడు లేకుండా అమ్మ బస్సెక్కడం అదే మొదటిసారి. ఏ స్టాపులో దిగాలో నేను చెప్పాను. సబ్‌వే రైల్లో అమ్మ నా చెవిలో చెప్పింది: "నీకు పొట్టలో ఎలా ఉంటుందో, ఎన్నిసార్లు పోతావో, ఏం తింటే నెప్పి వస్తుందో, అంతా చెప్పు. సిగ్గుపడకు. నువ్వు ఇంగ్లీషులో చెప్పు, నేను పక్కన ఉంటాను." ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఒక పెద్దావిడ. తెల్ల జుట్టు, చేతులు చల్లగా ఉండేవి. నేను చెప్పడం మొదలెట్టి ఇక ఆగలేదు. బ్రెడ్డు, జావ, మాల్టు, చపాతీ, ఆరుసార్లు, తెల్లగా, కంపు, ఫ్లష్ చేసినా తేలుతుంది, అన్నీ. చివరికి "ఐ స్టీల్ రైస్" అని కూడా చెప్పాను, పోలీసుల్ని పిలుస్తుందేమోనని భయపడుతూ. ఆవిడ రాసుకోవడం ఆపేసి నన్ను చూసింది. తర్వాత అమ్మ వైపు చూసి, అమ్మకి అర్థం కాదని తెలిసినా, "మీరు చాలా మంచి పని చేశారు" అంది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ అక్కడే ఏడ్చింది.

ఆ తర్వాత రక్త పరీక్షలు, పేగులోంచి చిన్న ముక్క తీయడం, పదిరోజులు ఎదురుచూడ్డం. పేగు గోధుమ వల్ల పాడైంది. ఊపిరితిత్తుల్లో రక్తం కారడానికీ దానికీ సంబంధం ఉండొచ్చు, చాలా అరుదు, కానీ ఉంది, ముందు గోధుమ ఆపి చూద్దాం అన్నారు. ఏం పెట్టొచ్చని అమ్మ నా చేత అడిగించింది. "రైస్" అంది ఆ పెద్దావిడ. అమ్మకి ఆ ఒక్క మాటకి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఎవర్నీ అడక్కుండా, ఆదివారం కాకపోయినా అన్నం పెట్టింది. కందిపప్పు, నెయ్యి, మామిడికాయ ముక్క. ఇంటూ కంచంలో కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. అంత కమ్మటి భోజనం నేను మళ్ళీ తినలేదు, తినబోను. మూడు వారాలకి పొట్ట దిగింది. రెండు నెలలకి పెదవులకి రంగొచ్చింది. మందు తగ్గిస్తూ వచ్చారు, అయినా దగ్గులో ఎరుపు కనపడలేదు.

అత్తయ్యకి తల కొట్టేసినట్టయింది. "అన్నం తింటే తగ్గే జబ్బు ఎక్కడైనా ఉందా? మా సరోజకి చపాతీలు ఒత్తడానికి బద్ధకం" అని ఊరంతా చెప్పింది. ఆ తర్వాత ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. ప్రసాదం అంటే తెలుసు కదా, ఎర్ర గోధుమ నూక, బెల్లం, బోలెడు నెయ్యి. కథలో ప్రసాదం కాదన్నవాళ్ళ పడవలు మునిగిపోతాయి. అమ్మ వంటింట్లో గారెలు వేయిస్తుండగా, అత్తయ్య నన్ను దేవుడి పటం దగ్గరికి పిలిచి, అందరి ముందు దోసిట్లో ముద్ద పెట్టింది. "డాక్టర్ కంటే దేవుడు పెద్ద. తిను" అంది. అన్నం దొంగనని మళ్ళీ ఎక్కడ నవ్వుతారోనని తినేశాను. తియ్యగా, బాగుంది. రెండు వారాలు తిరక్కుండా తలదిండు మీద రక్తం. ఒక్క ముద్దకే ఇంత అయిందా అంటే చెప్పలేమన్నారు డాక్టర్లు. అమ్మ చెప్పింది. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజు అమ్మ హాల్లో నిలబడి, జీవితంలో మొదటిసారి గొంతెత్తి, "వదినగారూ, మీ పడవ మునగకుండా నా పిల్లని ముంచారు" అంది. నాన్న "సరోజా!" అన్నాడు. "మీరు ఉంటే ఉండండి" అని ఒక సూట్‌కేసు, నన్నూ, ఆ కంచాన్నీ తీసుకుని బయటికి నడిచింది. నాన్న అరగంటకి వెనకే వచ్చాడు, అది కూడా ఒప్పుకోవాలి.

ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకి దిగాం. నీరసంగా ఉండి నేను బడి మానేసిన ఆ నెలల్లోనే అమ్మ నాకు తెలుగు రాయడం నేర్పింది, ఇవాళ ఇది రాస్తున్నది ఆ చదువుతోనే. నేను అమ్మకి డబ్బాల మీద ఇంగ్లీషు చదివి పెట్టేదాన్ని, ఆవిడ నాకు అక్షరాలు దిద్దించేది. అలా చదువుతుండగా ఒకరోజు ఇంగువ డబ్బా వంతు వచ్చింది. సగానికి సగం గోధుమపిండి. మన ఇంగువ పొడి! ఆ రెండు మూడు నెలలూ అమ్మ నా పప్పులో, చారులో చిటికెడు చిటికెడు వేస్తూనే ఉంది. అమ్మ ఆ డబ్బాని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది, తర్వాత చెత్తబుట్టలో పడేసింది. కాబట్టి ఆ రక్తం ప్రసాదం వల్లే పడిందో, ఇంగువ వల్ల పడిందో దేవుడికే తెలియాలి. ఈ ఇంగువ సంగతి అత్తయ్యకి అమ్మ చచ్చేదాకా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెప్పను కూడా. ఇది చదివి ఎవరైనా పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్తే అది వాళ్ళ పాపం.

శనివారం అత్తయ్య వచ్చింది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్లో, పెద్ద కోటులో చిన్న పిల్లలా ముడుచుకుని ఉంది. నాకు ఒక రకంగా నిరాశ కలిగింది. పగ తీర్చుకోవడానికి మనిషి కాస్త ఒడ్డూ పొడుగూ ఉండొద్దూ! "ఏవే రమా, చిక్కిపోయావే" అంది. ఆ మాట వినగానే నిరాశ పోయింది. మిస్సిసాగాలో మా ఇంటికొచ్చి, వేడినీళ్ళతో మొహం కడిగించి, టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఇంటూ కంచంలో అన్నం వడ్డించాను. గుర్తు ఆవిడ వైపుకే తిప్పి పెట్టాను. చూసింది. అన్నం కలుపుకుని తింది. మరుసటి రోజూ అంతే. మా ఆయన "అదేంటి, ఆవిడకొక్కదానికే ఆ పాత కంచం?" అన్నాడు. అది ఆవిడదే అన్నాను.

తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. తిన్నాక కంచం తనే కడిగేది, నేను వద్దన్నా వినేది కాదు. కడిగి డిష్‌ర్యాక్‌లో పెట్టకుండా సింకు పైన కిటికీ గట్టు మీద విడిగా బోర్లించేది. ముసలితనం, పాత అలవాటు అనుకున్నాను. ఏమీ గుర్తులేదని నాకు గట్టిగా నమ్మకం కలిగింది ఏడో రోజున. ఎవరో చుట్టాలతో ఫోన్లో మాట్లాడుతూ, "మా రమకి చిన్నప్పుడు ఇదే జబ్బు. అప్పుడు దాన్ని కళ్ళలో పెట్టుకుని సాకింది నేనే" అంటోంది. నేను కూర తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, చెప్పుల్లేకుండా మంచులో ఒక నిమిషం నిలబడి వచ్చాను. కొట్టినవాళ్ళు మర్చిపోతే కొట్టించుకున్నవాళ్ళు ఎవరితో చెప్పుకోవాలి? నా పగంతా వట్టి కంచానికి పెట్టినట్టయింది.

పదో రోజు పొద్దున, మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, నేను దోశలు పోస్తున్నాను. మా ఆయన బ్రెడ్డూ, దాని టోస్టరూ నా వంటింట్లోకి రావు, లాండ్రీ గదిలో అరమీద ఉంటాయి. అక్కడ ప్లాస్టిక్ కవర్ చప్పుడైంది. అట్లకాడ చేత్తోనే వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. అత్తయ్య డ్రైయర్ని ఆనుకుని నిలబడి, అటు తిరిగి, బ్రెడ్డు ముక్క నోట్లో కుక్కుకుంటోంది. నేను ఆపొచ్చు. ఒక్క కేక చాలు. కేక వెయ్యలేదు. తలుపు పక్కన నిలబడి, ఆవిడ దవడలు కదలడం చూస్తూ, ఒక ముద్ద మింగనిచ్చాను. ఎనభై ఏళ్ళ మనిషి, ఒంట్లో రక్తం లేని మనిషి, ఆవిడ కొడుకు నన్ను నమ్మి పంపిన మనిషి. తిను, బాగా తిను అనుకున్నాను లోపల. రెండో ముద్దకి నోరు తెరిచేసరికి ఇక చూడలేకపోయాను. తలుపు తోసి, చేతిలోంచి ముక్క లాక్కుని చెత్తబుట్టలో విసిరేశాను.

ఆవిడ బెదరలేదు. నా చేతిలో అట్లకాడ వైపు చూసింది. తర్వాత కుడిచెయ్యి బోర్లా చాపి, వేళ్ళ కణుపులు నా ముందు పెట్టింది.

"ఇక్కడే కదూ నిన్ను కొట్టింది?" అంది. "కానివ్వు, కొట్టు."

"గుర్తుందా నీకు?"

"గుర్తులేదని ఎవరు చెప్పారే? కంచం చూసిన రోజునే గుర్తుపట్టాను. మీ మావయ్య మేకు జారి వేలు కోసుకున్నాడు దాని మీద గీస్తూ. ఎన్నాళ్ళు పెడతావో చూద్దామని ఊరుకున్నాను."

"మరి ఫోన్లో సాకానన్నావు."

"ఏమని చెప్పుకోమంటావే? నేను చేసింది చెప్పుకునేదా?" అంది. "తప్పు చేశాననను. నాకు తెలిసిన పథ్యం అదే. తెలిసిందే చేశాను" అంది.

"డాక్టర్ అడిగితే నార్మల్ అన్నావు చూడు, అది కూడా తెలిసే చేశావు" అన్నాను. నలభై ఏళ్ళుగా నోట్లో నానుతున్న మాట. ఎంతో బరువుంటుందనుకున్నాను. మామూలుగానే వచ్చేసింది.

అత్తయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ కణుపులు నీలంగా, సూదులు గుచ్చిన మచ్చలతో ఉన్నాయి. నేను కొట్టలేదు. దయ తలచి కాదు, కొడితే విరిగిపోతాయేమో అనిపించింది. ఆ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి నడిపించాను. దోశ మాడిపోయింది. స్టవ్ ఆపి, పొద్దున వండిన అన్నం వేడి చేసి, పప్పు వేసి, నెయ్యి పోసి, కిటికీ గట్టు మీద నుంచి కంచం తీసి ఆవిడ ముందు పెట్టాను. గుర్తు ఆవిడ వైపుకే తిప్పాను.

అత్తయ్య ఆ ఇంటూ మీద వేలు పెట్టి, "ఇంకెన్నాళ్ళు పెడతావే దీంట్లో?" అంది.

"రెండేళ్ళు. నేను తిన్నన్నాళ్ళు."

"బావకి నెలే అని చెప్పావుగా?"

"బావకి నేను చెప్పుకుంటాను."

"నేను రెండేళ్ళు ఉండొద్దూ?"

"ఉంటావు. ఆ బ్రెడ్డు ముట్టుకోకపోతే ఉంటావు" అన్నాను. "ఉండి తీరాలి. మధ్యలో పోతే ఊరుకోను. తిను, ఆరిపోతోంది."

అత్తయ్య మొదటి ముద్ద కలుపుకుంది. నేను ఎదురుగా కుర్చీ లాక్కుని, కంచం ఖాళీ అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను.